తీగల చరిత్రలో మన వేళ్ళు

మన కావ్యాల్లో ఆడదానికి ‘తీగబోడి’ అని ఒక పేరుంది. తీగలా సన్నగా, నాజూగ్గా ఉంటుందనీ, అల్లుకోవడానికి చెట్టో పందిరో కావాలనీ కవిగారి ఉద్దేశం. ఈ ఉపమానాన్ని ఇప్పటికే చాలాసార్లు తిట్టుకున్నాం కాబట్టి మళ్ళీ ఆ జోలికి పోను. నేను చెప్పబోయేది ఇంకో రకం తీగ సంగతి. లోపల రాగి, పైన తొడుగు ఉండే తీగ. దానికీ ఆడవాళ్ళకీ దాదాపు నూట యాభై ఏళ్ళ సంబంధం ఉంది. ఏ కవీ దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు ఇళ్ళల్లో కంప్యూటర్ల దగ్గర ఆ తీగ మాయమవుతోంది. కీబోర్డుకి తీగ లేదు, మౌస్‌కి తీగ లేదు. గోరంత రిసీవర్ ముక్కని కంప్యూటర్‌కి గుచ్చితే చాలు, గదిలో ఎక్కడ కూర్చుని టైపు చేసినా అక్షరాలు వెళ్ళి తెరమీద వాలతాయి. ‘ఇక ఫ్రీ అయిపోతారండీ’ అంటాడు దుకాణంలో కుర్రాడు. ఎవరు ఫ్రీ, దేన్నించి ఫ్రీ అన్నది తేల్చుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1878 సెప్టెంబర్‌లో అమెరికాలోని బోస్టన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఎమ్మా నట్ అనే ఆమె ఉద్యోగంలో చేరింది. అంతకుముందు ఆ పని మగపిల్లలు చేసేవాళ్ళు. వాళ్ళు ఫోన్ చేసినవాళ్ళతో దురుసుగా మాట్లాడుతున్నారని ఆడవాళ్ళని పెట్టుకోవడం మొదలుపెట్టారు. గొంతు మెత్తన, ఓపిక ఎక్కువ, జీతం తక్కువ. అక్కణ్ణించి కొన్ని దశాబ్దాలపాటు ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో ఒకామె తీగ తీసి రంధ్రంలో గుచ్చాల్సిందే. 1946లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే మహా కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు దాని చేత లెక్కలు చేయించింది ఆరుగురు ఆడవాళ్ళు. అప్పుడు ప్రోగ్రాం అంటే కీబోర్డు మీద రాసేది కాదు, తీగలు ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చడం, స్విచ్చులు తిప్పడం. అసలు ‘కంప్యూటర్’ అన్నదే అంతకుముందు మనిషి ఉద్యోగం పేరు, యుద్ధకాలంలో ఆ ఉద్యోగాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. 1980లలో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోల్లో ఉన్న ఈ ఆడవాళ్ళెవరని అడిగితే, యంత్రం పక్కన అందానికి నిలబెట్టిన మోడళ్ళు అని చెప్పారట!

కీబోర్డు కథ దీనికంటే కొంచెం ముందు మొదలవుతుంది. క్రిస్టఫర్ షోల్స్, మరో ఇద్దరు కలిసి 1868లో పేటెంట్ తీసుకున్న టైపు మిషనుకి పియానో మెట్లలాంటి మీటలుండేవి. దాన్ని బాగుచేసి 1874లో మార్కెట్‌లోకి తెచ్చింది రెమింగ్టన్ కంపెనీ. తుపాకులు, కుట్టుమిషన్లు చేసే కంపెనీ అది. టైపు మిషన్ని కుట్టుమిషన్ల విభాగానికి అప్పగించారు. అందుకే అది అచ్చం కుట్టుమిషనులాగే వచ్చింది. ఇనప కాళ్ళ బల్ల, కింద కాలితో తొక్కే పెడలు, ఒంటినిండా రంగురంగుల పూలు. చూడగానే ఇది ఎవరి వస్తువో ఎవరూ చెప్పక్కర్లేదు. పియానో నేర్చుకున్న వేళ్ళకి ఈ పని సహజంగా వస్తుందని కూడా అన్నారు. అంతకుముందు ఆఫీసుల్లో చేత్తో రాసే గుమాస్తాలంతా మగవాళ్ళే. అప్పుడు రాత మగవాడి సహజ గుణం! 1900 నాటికి అమెరికాలో స్టెనోగ్రాఫర్లు, టైపిస్టుల్లో మూడొంతులకు పైగా ఆడవాళ్ళున్నారు. యంత్రాన్నీ, దానిముందు కూర్చున్న అమ్మాయినీ కూడా ‘టైప్‌రైటర్’ అనే ఒకే మాటతో పిలిచేవారు. ఆమె వేళ్ళు తిరిగేది ఇంకొకరి వాక్యాల మీద. ఆ వాక్యాల కింద సంతకం ఇంకొకరిది.

మన దగ్గర గోద్రెజ్ కంపెనీ 1955లో టైపు మిషన్ల తయారీ మొదలుపెట్టింది. 2009 దాకా చేసింది. ఈ మధ్యకాలంలో ఆంధ్రదేశంలో టైపు ఇన్‌స్టిట్యూట్ లేని ఊరు తాలూకా కేంద్రాల్లో లేదంటే అతిశయోక్తి కాదు. ఇంటర్ తప్పిన అమ్మాయికీ, డిగ్రీ అయి సంబంధాల కోసం ఎదురుచూసే అమ్మాయికీ రోజూ ఒక గంట ఇంట్లోంచి బయటికి రావడానికి పెద్దలు ఒప్పుకున్న చోటు అది. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని వేళ్ళు కాయలు కాసేలా కొట్టి లోయరు, హయ్యరు పరీక్షలు రాసేవాళ్ళు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. చాలామందికి పెళ్ళిళ్ళయ్యాయి.

తర్వాత డీటీపీ కాలం వచ్చింది. 1990ల నుంచి తెలుగు పుస్తకాలూ పత్రికలూ కంప్యూటర్లో కంపోజ్ అవడం మొదలయ్యాక ఆ కుర్చీల్లోకీ చాలావరకు అమ్మాయిలే వచ్చారు. ఒత్తులూ దీర్ఘాలూ ఏ మీట కింద ఉన్నాయో చూడకుండా కొట్టగలిగిన ఆ వేళ్ళమీదుగా స్త్రీవాద సాహిత్యం కూడా చాలా వెళ్ళింది. పుస్తకం రెండో పేజీలో ధర కింద, ముద్రణ పైన చిన్న అక్షరాల్లో ‘డి.టి.పి.’ అని ఒక్కోసారి ఆమె పేరుంటుంది. ఒక్కోసారి సెంటరు పేరు మాత్రమే ఉంటుంది. మణికట్టు నొప్పుల గురించి మనం ఎప్పుడైనా ఆమెని అడిగామా? పేజీకి ఇంత అని రేటు అడిగాం.

అంటే కూలికి కొట్టినంతకాలం కీబోర్డు ఆడవాళ్ళది. మరి అదే కీబోర్డు ఇంటికొచ్చినప్పుడు?

ఇంటికోసం చేసిన కంప్యూటర్‌కి తీగలేని కీబోర్డు పెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం 1983 నవంబర్‌లో ప్రకటించిన ‘పీసీ జూనియర్’ కీబోర్డుకి తీగ లేదు. నాలుగు పెన్ను బ్యాటరీలు వేస్తే, టీవీ రిమోట్‌లాగా కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేసేది. సోఫాలో కూర్చుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, ఇంటిల్లిపాదీ వాడుకుంటారని కంపెనీ ఊహ. కానీ మీటలు చూయింగ్ గమ్ బిళ్ళల్లా ఉండి వేళ్ళకి ఆనేవి కావు. కాంతికి అడ్డం ఎవరైనా వస్తే అక్షరం ఆగిపోయేది. ఒకే గదిలో రెండు కంప్యూటర్లుంటే ఒకదాని కీబోర్డు కొట్టిన అక్షరాలు రెండోదానిమీద పడేవి. చివరికి కావాలంటే కొనుక్కోమని తీగని విడిగా అమ్మారు! ధర కూడా ఎక్కువే. 1985 మార్చికల్లా తయారీ ఆపేశారు. మౌస్ సంగతి ఇంకా తమాషా. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960లలో తయారుచేసిన చెక్కడబ్బాకి ఆ పేరొచ్చిందే తీగ తోకలా ఉందని. తోక పోయినా ఎలుక పేరు మిగిలింది.

పీసీ జూనియర్ నాటి లెక్క ఒకటి నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్ళలో 1984 ప్రాంతంలో ఆడపిల్లలు సుమారు 37 శాతం. అదే శిఖరం. కంప్యూటర్లు ఇళ్ళల్లోకి వచ్చి పెరిగిన ఏళ్ళలో ఆ శాతం తగ్గుతూ పోయింది. ఎందుకు? జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో ఏళ్ళ తరబడి మాట్లాడి 2002లో పుస్తకం వేశారు. అందులో వాళ్ళు గమనించిన ఒక చిన్న విషయం దగ్గర నేను ఆగిపోయాను. ఇంట్లో కొన్న కంప్యూటర్‌ని చాలాచోట్ల కొడుకు గదిలో పెట్టారట. కూతురు వాడుకోవాలంటే తమ్ముడి గది తలుపు తట్టాలి. తీగ ఉందా లేదా అన్నది కాదు, బల్ల ఏ గదిలో ఉందన్నది ప్రశ్న. మన ఇళ్ళల్లో కొడుక్కి విడిగా గది లేకపోయినా ఈ ప్రశ్న వర్తిస్తుంది. ‘బాబు చదువుకోసం’ అని కొన్న కంప్యూటర్లెన్ని చూడలేదు!

కాంతితో కుదరని పనిని తర్వాత రేడియో తరంగాలతో చేశారు. దాని పూర్వకథలో ఒక సినిమా తార ఉంది. హెడీ లమార్ 1914లో వియన్నాలో పుట్టింది. పియానో వాయించేది. ‘ఎక్‌స్టసీ’ సినిమాతో పద్దెనిమిదేళ్ళకే పేరూ, అల్లరీ రెండూ మూటగట్టుకుంది. ఆయుధాల వ్యాపారిని పెళ్ళాడి, అతని కాపలా భరించలేక 1937లో పారిపోయింది. హాలీవుడ్ ఆమెని లోకంలోకెల్లా అందగత్తె అని అమ్ముకుంది. ఇంట్లో మాత్రం ఆమె బల్లముందు కూర్చుని ఏవో పరికరాల బొమ్మలు గీసుకునేది. యుద్ధంలో టార్పెడోని రేడియోతో నడిపిస్తే శత్రువు ఆ తరంగాన్ని పట్టుకుని చెడగొట్టగలడు. అలా కాకుండా, పంపేదీ అందుకునేదీ రెండూ ఒకే లయలో ఒక తరంగం మీంచి ఇంకోదానిమీదకి గెంతుతూ ఉంటే ఎలా పట్టుకుంటాడు? తనంతట తాను మోగే పియానోలని వాడి సంగీతం కట్టిన జార్జ్ ఆంథైల్‌తో కలిసి, చిల్లులున్న కాగితపు చుట్టలు రెండుచోట్లా ఒకేసారి తిరిగే పద్ధతి ఆలోచించింది. ఎన్ని తరంగాలు? 88. పియానోకి ఉన్నన్ని మెట్లు.

1942 ఆగస్టులో పేటెంట్ వచ్చింది. అందులో పేరు ‘హెడీ కీస్లర్ మార్కీ’ అని ఉంటుంది. లోకానికి తెలిసిన పేరు కాదది, రెండో భర్త ఇంటిపేరు. పేటెంట్ చేతికొచ్చేసరికి ఆ పెళ్ళి కూడా అయిపోయింది. నౌకాదళం ఆ ఆలోచనని పక్కన పెట్టింది. యుద్ధ బాండ్లు అమ్మడానికి మాత్రం ఆమె ముఖం పనికొచ్చింది. 1959లో పేటెంట్ గడువు తీరింది, ఆమెకి పైసా రాలేదు. మొదటి చెప్పుకోదగ్గ గుర్తింపు 1997లో, ఎనభై రెండేళ్ళ వయసులో. 2000లో చనిపోయింది.

ప్రతి మార్చి 8కీ ‘బ్లూటూత్‌ని కనిపెట్టిన తార’ అని ఆమె ఫోటో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. తరంగాలు మారుస్తూ పంపాలన్న ఆలోచన ఆమెకన్నా ముందూ కొందరికి వచ్చింది, ఆమె తర్వాత ఎందరో ఇంజనీర్లు దాన్ని పనికొచ్చేలా చేశారు. ఒక్క ఆడదాన్ని ఎత్తి దేవతని చేస్తే మిగతా వేలమంది ఆపరేటర్లనీ టైపిస్టులనీ మర్చిపోవడం ఇంకా సులువవుతుంది. అయినా బ్లూటూత్ కీబోర్డులో జరిగేది ఆ గెంతులాటే. మామూలు బ్లూటూత్‌లో 79 దారులు, సెకనుకి 1600 గెంతులు. మైక్రోవేవ్ పొయ్యి వాడే గాలిదారీ అదే కాబట్టి మా ఇంట్లో అన్నం వేడి చేస్తుంటే మౌస్ నత్తలా నడుస్తుంది. వంటిల్లూ రాతబల్లా ఒకదాన్నొకటి అడ్డుకోవడం మనకి కొత్తా!

ఆమె పేటెంట్ పేరు ‘రహస్య సమాచార పద్ధతి’. ఆ రహస్యం సంగతి చూస్తే నవ్వొస్తుంది. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఎనిమిది కంపెనీల చవకరకం వైర్‌లెస్ కీబోర్డులు అక్షరాలని ఏ ముసుగూ లేకుండా గాల్లోకి వదులుతున్నాయని బయటపెట్టారు. 250 అడుగుల దూరంనుంచి ఎవరైనా వినొచ్చు. బ్యాంకు పాస్‌వర్డూ, స్నేహితురాలికి రాసుకున్న ఉత్తరమూ అన్నీ. కొనేవాళ్ళు రహస్యలిపి ఉన్నదేదో అడిగి కొనుక్కోవడం మంచిది. కానీ ఆడవాళ్ళ రాతని 250 అడుగుల దూరంనుంచి దొంగతనంగా చదవాల్సిన అవసరం ఎవరికుంది? ఇంట్లోవాళ్ళు వెనక నిలబడి చదువుతారు.

మా అమ్మాయి పోయినేడాది వైర్‌లెస్ కీబోర్డూ మౌసూ తెచ్చి పెడుతూ ‘‘అమ్మా, ఇంక నువ్వు వంటింట్లోంచే టైపు చేసుకోవచ్చే!’’ అంది సంతోషంగా.

‘‘అయితే వంటింట్లోంచి లేవక్కర్లేదంటావు.’’

‘‘అబ్బా, నీతో ఏం మాట్లాడినా వ్యాసమే’’ అని నవ్వేసింది.

కంప్యూటర్ హాల్లో ఉంది. వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుంటే తెరకి పదడుగులు. అంత దూరంనుంచి కనిపించాలంటే అక్షరాలు గోడమీద రాతంత పెద్దవి చెయ్యాలి. అలా చేస్తే హాల్లోకి వచ్చేవాళ్ళందరికీ కనిపిస్తాయి. మా అత్తగారు పెళ్ళికి ముందు టైపు లోయరు పాసయ్యారు. ఆ సర్టిఫికెట్ ఆవిడ పోయాక ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఒక్కరోజు కూడా ఉద్యోగం చెయ్యలేదు, ఎవరూ చెయ్యనివ్వలేదు. ఆ వాక్యం కొడుతుంటే మావారు కాఫీ కప్పుతో వచ్చి నిలబడి, గట్టిగా చదివి, ‘‘ఇదెందుకూ ఇప్పుడు?’’ అన్నారు. నేను చెరపలేదు. అక్షరాలు చిన్నవి చేసి, కుర్చీ తెరదగ్గరికి లాక్కున్నాను. మొదట్లో తీగ కీబోర్డుతో ఎక్కడ కూర్చునేదాన్నో అక్కడికే.

మరో చిక్కు బ్యాటరీలు. కీబోర్డుకి వేసేవే టీవీ రిమోట్‌కీ సరిపోతాయి. మ్యాచ్ మధ్యలో రిమోట్ మొరాయిస్తే ఇంట్లో ఎవరి చెయ్యయినా ముందు పోయేది నా కీబోర్డు మీదకే. ‘‘నువ్వెలాగూ ఇప్పుడు రాయట్లేదుగా’’ అంటారు. అందుకని కొత్తవి కొన్నప్పుడల్లా ఒక జత కాగితంలో చుట్టి పోపులపెట్టెలో, మెంతుల గిన్నె కింద దాస్తున్నాను. మా ఇంట్లో అక్కడ ఇంకెవరూ వెతకరు.