రాళ్ళ పోటీ నుంచి రేగడి చేను దాకా: మన ఇంటి బుల్లెట్

1948 అంటే నాయ్‌గావ్‌లో మన పెద్దోళ్ళకు పోలీసు చర్య జరిగిన ఏడాది. నిజాం పాలన పోవుడు, రజాకార్ల భయం తీరుడు, అన్నీ ఆ సెప్టెంబరు ముచ్చట్లే. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో ఆరు రోజుల అంతర్జాతీయ మోటారుసైకిల్ పోటీ జరిగింది. గెలిచిన బ్రిటిష్ జట్టులో ఇద్దరు నడిపింది రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త నమూనా బుల్లెట్. ఇద్దరికీ బంగారు పతకాలొచ్చాయి. మన కొట్టంలో గోనె పట్టా కప్పుకొని నిలబడ్డ తాత బండి ఆ వంశంలోదే.

పుణె, ముంబయిల్లో పెరిగిన మన పిల్లలకు ట్రయల్స్ అంటే ఏమిటో చెప్పాలి. అది వేగం పోటీ కాదు. బండరాళ్ళ మీద, వాగులో, బురద గట్టు మీద బండిని నెమ్మదిగా ఎక్కించాలి. కాలు కింద పెడితే మార్కు పోతుంది. కాబట్టి ఇంజను తక్కువ చుట్ల మీదే బలంగా లాగాలి, నడక వేగంలో కూడా ఆగిపోకూడదు. ఆ రోజుల్లో చాలా బళ్ళకు వెనక చక్రం ఫ్రేముకు గట్టిగా బిగించి ఉండేది. బుల్లెట్‌కు స్వింగ్ ఆర్మ్, రెండు షాక్ అబ్సార్బర్లు పెట్టారు. ట్రయల్స్ వాళ్ళు మొదట నమ్మలేదు, మెత్తగా ఊగే చక్రానికి పట్టు దొరకదన్నారు. ఆ మాట తప్పని జానీ బ్రిటెయిన్ అనే కుర్రవాడు బుల్లెట్ మీదనే చూపించాడు. స్కాట్లాండ్‌లో జరిగే ఆరు రోజుల ట్రయల్‌ను 1952లో ఒకసారి, 1957లో మరోసారి గెలిచాడు.

మన దేశానికి ఈ బండి సైన్యం కోసం వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలు బిగించేవారు, తర్వాత మొత్తం ఇక్కడే తయారుచేశారు. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970కి మూతపడింది. మద్రాసులో మాత్రం అదే 346 సీసీ ఇనుప ఇంజను, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకుతో, కొద్దికొద్ది మార్పులతో దాదాపు 50 ఏళ్ళు తయారవుతూ వచ్చింది.

ఆ పొడవు స్ట్రోకే మన రేగడికి కలిసొచ్చిన గుణం. వానాకాలంలో నల్లమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కొని బండిని పట్టేస్తుంది. గేరు మార్చకుండా, క్లచ్ కాల్చకుండా, ధడ్ ధడ్ మంటూ బయటికి లాగగలిగేది ఇదే. యెజ్డీ కూడా మంచి బండే, దానికి మొక్కేవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు, కానీ నాకు టూ స్ట్రోకు పొగ పడదు.

తాత దీన్ని నిజామాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అప్పట్లో మంజీర అవతల ఆంధ్రప్రదేశ్, ఇవతల మహారాష్ట్ర. అంతకుముందు రెండు ఒడ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. 1956లో గీత గీశారు కానీ చుట్టరికాలు, సంతలు, మెకానిక్కులు ఆ గీతను పట్టించుకోలేదు. సామాన్లకు నిజామాబాద్, బోరుకు నాందేడ్.

ఇంట్లో అందరికీ వచ్చిన పని ప్లాటినం సెట్ చేయడం. మెకానిక్కులు కాంటాక్ట్ పాయింట్లను అట్లనే అంటారు. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. అవి తెరుచుకునే క్షణం తెలియాలంటే మధ్యలో పల్చని సిగరెట్ కాగితం పెట్టి ఇంజను మెల్లగా తిప్పాలి. కాగితం వదులైన చోటే పాయింట్లు తెరుచుకున్నట్టు. టాపెట్లకు ఇంజను చల్లగా ఉన్నప్పుడు సందు అక్కర్లేదు. పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. స్టార్టింగ్‌కు బలం కాదు, వరుస కావాలి. ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించు, డీకంప్రెషన్ లివరు పట్టి ఇంకొంచెం దించు, లివరు వదిలి అప్పుడు తన్ను. ఈ వరుస తెలియని వాళ్ళ పిక్కల మీద కిక్కు తిరిగి కొడుతుంది.

ఇప్పుడు అసలు పంచాయితీ. 2019లో కంపెనీ బుల్లెట్ ట్రయల్స్ అని ఆ పాత పోటీ బండి రూపంలో ఒకటి తెచ్చింది, పైకి లేపిన సైలెన్సరు, గుబ్బల టైర్లతో. ఏడాదికే ఆపేశారు. అది చూసినప్పటి నుంచి మా అన్న కొడుకు తాత బండిని అట్లా మార్పిస్తానంటాడు. మడ్‌గార్డు కోసి, వెనక ఫ్రేము కోసి, ఒక్క సీటు పెట్టి. వాడి వాదనలో పస లేకపోలేదు, పుట్టుకతో ట్రయల్స్ బండే కదా అంటాడు. బాపు మాట ఒక్కటే: "గది కొయ్యకు బిడ్డా. కోసినంక మల్ల అతుకది."

నేను బాపు వైపే. ఒక కారణం చట్టం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంటే ‘వీఏ’ నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఫ్రేము కోసి ఆ నంబరు అడిగితే ఏ మొహంతో అడుగుతాం? అయితే ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో బయటికి తీయాలి. అంటే చేనుకు పోయే బండి ఇక చేనుకు పోదు. బాపుకు ఇది కూడా నచ్చలేదు. పనిచేయని బండిని ఇంట్లో పెట్టుకొని ఏం చేస్తామని ఆయన ప్రశ్న. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

ఇంకో కారణం సిలిండరు. ఇనుప సిలిండరును బోరు కొట్టించిన ప్రతిసారీ గోడ పల్చబడుతుంది, చివరికి స్లీవు వేయించాల్సిందే. మన బండి ఆ హద్దుకు దగ్గర్లో ఉంది. గుట్టలెక్కించే ఆటలకు దాన్ని పెట్టడం న్యాయం కాదు. పిల్లవాడికి ట్రయల్స్ మీద మనసుంటే తుక్కు కింద పోయే ఇంకో బుల్లెట్ కొని దాన్ని కొయ్యమనండి, ఖర్చులో సగం నేను పెడతా.

మీ ఊళ్ళో ఇళ్ళల్లో ఇట్లాంటి బండి నెలల తరబడి నిలబడి ఉంటే, ఆత్రంగా కిక్కు కొట్టకండి. ఆయిల్ పంపు సందుల్లోంచి ఆయిల్ మెల్లగా క్రాంక్ కేసులోకి దిగి ఉంటుంది. ముందు కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి దాన్ని ఒక గిన్నెలోకి దించండి. ప్లగ్గు వాషరు పాతదైతే మార్చండి. ఆ తర్వాతే ట్యాంకులో కొత్త ఆయిల్, పెట్రోలు. మొదటిసారి స్టార్టయ్యాక హెడ్డుకు పోయే సన్న పైపు బోల్టు కాస్త వదులు చేసి చూడండి. అక్కడ ఆయిల్ ఊరకపోతే వెంటనే ఇంజను ఆపేయండి.