గోడిగ గర్భసంచి నేర్పిన పాఠం



ఈ పూట గుర్రాల సంగతి ముచ్చటించుకుందాము. "మా సారంగాపూర్‌లో గుర్రం ఎక్కడున్నది? మాకు బర్రెలు, ఆవులు, మేకలు, గొర్రెలు గదా" అని మీరు అడుగుతారు. నిజమే. పెండ్లి ఊరేగింపుకు ఒక గుర్రం వచ్చిందంటే పిల్లలంతా దాని వెంట పడి చూస్తారు. కాని మీ బర్రె ఎదకు రాగానే పశువుల దవాఖానకు తోలుకపోయి సూది వేయిస్తున్నారు గదా, ఆ కృత్రిమ గర్భోత్పత్తి పద్ధతిని మొట్టమొదట పెద్దయెత్తున నడిపించింది గోడిగల మీదనే. గోడిగ అంటే ఆడగుర్రం. పాత తెలుగు మాట. ఆ పద్ధతి ఎట్లా పుట్టింది, ఎక్కడ తడబడింది, తడబడినప్పుడు పండితులు ఏమి తెలుసుకున్నారు అన్నది మీరు గూడా తెలుసుకోవాలి. మీ కొట్టంలో బర్రె ఒకటికి రెండుసార్లు పొర్లినప్పుడు ఈ చరిత్ర అక్కరకు వస్తుంది.

మన సీమకు గుర్రం కొత్తది కాదు. జగిత్యాల పక్కన వున్న పొలాస ఒకప్పటి పొలవాస. కాకతి రుద్రదేవుడు మేడరాజును గెలిచి పొలవాస దేశాన్ని కలుపుకున్న సంగతి 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో వున్నది. ఆ రాజులకు ఏనుగుల బలం, గుర్రాల బలం రెండూ వుండేవి. వాటిని చూసే అధికారిని సాహిణి అనేవారు. 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి పోయేటప్పుడు ప్రతాపరుద్రుని వద్ద ఏడు వేల గుర్రాలు తీసుకపోయినాడని ఢిల్లీ చరిత్రకారులు రాసినారు. జగిత్యాల కోట 1747 నాటిది. ఆ రోజుల్లో గుర్రపు దళం లేని కోట ఎక్కడిది?

ఇన్ని గుర్రాలు ఎక్కడివి? మేలుజాతివి చాలామట్టుకు అరబ్బు దేశాల నుంచి, పారశీకం నుంచి ఓడల మీద వచ్చేవి. 13వ శతాబ్దం చివర మన దక్షిణ తీరాలను చూసిన మార్కోపోలో పాండ్యుల సీమను గూర్చి ఒక మాట రాసినాడు. ఏటా వేల గుర్రాలను కొంటున్నారు, ఏడు తిరిగేసరికి వాటిలో ఎక్కువ భాగం చనిపోతున్నాయి, వాటిని చూసుకునే తెలివి ఇక్కడివారికి లేదు అన్నాడు. మేలుజాతి గోడిగను మేలుజాతి మగ గుర్రానికి దాటించినా కాళ్ళు వంకరపోయిన చిన్న పిల్లలే పుడుతున్నాయని గూడా రాసినాడు. అదంతా అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని మంచి పిల్ల కావాలంటే మంచి మగ గుర్రం ఒక్కటి దొరికితే చాలదన్న సంగతి ఆ మాటలోనే కనబడుతున్నది. తల్లి మేత, తల్లి ఆరోగ్యం, తల్లి గర్భసంచి సంగతి ఎవరు చూసినారు? మన పెద్దలు గుర్రాల శాస్త్రం రాయకపోలేదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమని తెలుగులోనే రాసినాడు. గుర్రం లక్షణాలు చూసే విద్య మనకు బాగానే వుండేది. లోపల గర్భసంచిలో ఏమున్నదో చూసే సాధనం మాత్రం ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికీ లేదు. అందుకని సూడి నిలువని గోడిగకు "గొడ్డుది" అని పేరు పెట్టి అమ్మివేసేవారు.

ఇక కృత్రిమ గర్భోత్పత్తి సంగతి. 1322లో ఒక అరబ్బు నాయకుడు శత్రువు గుర్రం వీర్యాన్ని దొంగతనంగా తెప్పించి తన గోడిగకు పెట్టి పిల్లను పొందినాడని ఒక కథ వున్నది. దానికి రుజువు లేదు గనుక కథగానే విందాము. రుజువున్న సంగతి 1780లో జరిగింది. ఇటలీలో స్పల్లంజాని అనే పండితుడు ఒక ఆడ కుక్కకు ఈ పద్ధతి చేస్తే 62 రోజులకు అది మూడు పిల్లలను పెట్టింది. తరువాత నూరేండ్లకు పైగా ఇది పండితుల వింతగానే వుండిపోయింది.

దానిని రైతుల కొట్టంలోకి తెచ్చినవాడు రష్యా దేశపు ఇల్యా ఇవనోవ్. 1899 నుంచి ఆయన ఈ పనిలో దిగినాడు. రష్యాకు ఆనాడు సైన్యానికీ, సేద్యానికీ గుర్రాలు కావాలి. మేలుజాతి మగ గుర్రం ఒకటి ఒక కాలంలో దాటగలిగేది ఇరవై ముప్ఫై గోడిగలను. అదే గుర్రం వీర్యాన్ని పంచితే ఐదు వందల గోడిగల దాకా సరిపెట్టవచ్చునని ఇవనోవ్ చూపించినాడు. గోడిగ లోపల ముందుగా స్పంజి ముక్క పెట్టి, మగ గుర్రం దాటినాక దానిని తీసి పిండి వీర్యం సేకరించేవారు. మోటు పద్ధతే. అయినా పని జరిగింది. అక్కడి నుంచి ఈ విద్య ఆవులకు, గొర్రెలకు పాకింది. 1936లో డెన్మార్క్ రైతులు ఆవుల కృత్రిమ గర్భోత్పత్తికి సహకార సంఘం పెట్టుకున్నారు. 1939లో మైసూరు రాజవారి పాల ఫారంలో డాక్టర్ సంపత్ కుమరన్ మన దేశంలో ఈ పద్ధతికి మొదలు పెట్టినారు. 1942లో ఇజత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థలో దీనిమీద పరిశోధన ఆరంభమైంది. 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో ఈ పద్ధతిన మొదటి బర్రె దూడ పుట్టింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో కీలక గ్రామ పథకం వచ్చి దీనిని పల్లెలకు చేర్చింది.

1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు గ్లిజరిన్ కలిపి వీర్యకణాలను గడ్డకట్టించి మళ్ళీ బతికించవచ్చునని కనిపెట్టినారు. 1957లో కెనడాలో బార్కర్, గాండియర్ అనే ఇద్దరు గడ్డకట్టించిన వీర్యంతో మొదటి గుర్రపు పిల్లను పుట్టించినారు. ఇవాళ కార్యకర్త తెచ్చే డబ్బాలో, సున్నాకు 196 డిగ్రీల దిగువన, ద్రవ నత్రజనిలో నిలువవుండే గడ్డి పరకంత గొట్టానికి మూలం అదే.

ఇంతవరకు విన్నది విత్తనం కథ. విత్తనం ఎంత మేలైనదైనా పొలం చవుడుబారితే మొలకెత్తదని మీకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. గోడిగల విషయంలో ఆ సంగతి తేల్చుకోవడానికి మాత్రం పండితులకు చాలా కాలం పట్టింది.

1937లో అమెరికాలో కాస్లిక్ అనే పశువైద్యుడు పందెపు గోడిగలను చూసి ఒక సంగతి పట్టుకున్నాడు. బక్కచిక్కిన గోడిగలకు, ముసలివాటికి, చాలా ఈతలు ఈనినవాటికి మానం వెనుకకు వాలిపోతుంది. పెదవులు సరిగా మూసుకోవు. లోపలికి గాలి పోతుంది, పైనుంచి లద్దె జారి పడుతుంది. గర్భసంచికి చీము పట్టేది అందుకే. ఆయన చేసిన చికిత్స చాలా సులువైనది. మానం పై భాగాన్ని కొంతమేర కోసి కుట్టివేయడమే. ఆ కుట్టు ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఈనే ముందు దానిని విప్పవలె, లేకుంటే చిరిగిపోతుంది. ఏండ్ల తరబడి "గొడ్డుది" అనిపించుకున్న గోడిగకు నిజానికి తలుపు మూసుకోకపోవడమే జబ్బు అని దీనితో తెలిసింది.

1977లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో మరొక పాఠం. మేలుజాతి గోడిగలు ఒకదాని వెంట ఒకటి చీము కార్చడం మొదలుపెట్టినాయి. విచారిస్తే అది దాటు వల్ల అంటే కొత్త అంటురోగమని తేలింది. మగ గుర్రంలో ఏ గుర్తూ కనబడదు. తళతళలాడుతూ వుంటుంది. కాని దాటిన ప్రతిచోటా రోగాన్ని పంచిపెడుతుంది. మగపశువు నిగనిగను చూసి మోసపోరాదని అప్పుడు గట్టిగా తెలిసింది. పరీక్ష చేసిన గుర్రం వీర్యాన్ని శుభ్రంగా వాడితే ఈ అంటును ఆపవచ్చును. అదే పనిముట్లు మురికివైతే మన చేతితోనే రోగాన్ని పంచినవాళ్ళమవుతాము. పందెపు గుర్రాల వంశావళి పుస్తకాలవారు మాత్రం కృత్రిమ పద్ధతిన పుట్టిన పిల్లను నేటికీ నమోదు చేసుకోరు. అక్కడ దాటు తప్పదు గనుక పరీక్షలను గట్టిపరచినారు.

1978లో కెన్నీ అనే వైద్యుడు గర్భసంచి లోపలి పొరలోంచి చిటికెడు ముక్క తీసి చూసి తరగతులు కట్టినాడు. మొదటి తరగతి గోడిగ పిల్లను పెట్టే అవకాశం నూటికి ఎనభైకి పైన. అడుగు తరగతిది నూటికి పది గూడా కాదు. గొడ్డుతనమని ఊరికే అనే మాటకు అప్పుడు ఒక కొలత ఏర్పడింది.

మరొక ముఖ్యమైన సంగతి. మగ గుర్రం వీర్యం నేరుగా గర్భసంచిలోనే పడుతుంది. దాటు అయినా, గొట్టంతో పెట్టినా, వీర్యం పడగానే గర్భసంచి కొంచెం వాచి నీరు చేరుతుంది. అది సహజం. ఆరోగ్యమైన గోడిగ ఆ మురుగును ఒకటి రెండు రోజుల్లో బయటికి నెట్టివేస్తుంది. గర్భసంచి కిందికి జారిన ముసలి గోడిగ నెట్టలేదు. ఆ నీటిలో పిండం బతకదు. అటువంటిదానికి డాక్టరు కొన్ని గంటల తరువాత గర్భసంచి కడిగి, ఆక్సిటోసిన్ సూది వేస్తాడు. మళ్ళీ మళ్ళీ వీర్యం పెట్టడం దానికి మందు కాదు.

పెండ్లి గుర్రమో, జట్కా గుర్రమో సాకేవారు మీలో ఎవరైనా వుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. గోడిగ 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఎద ఐదు నుంచి ఏడు రోజులు వుంటుంది. అండం చివరి ఒకటి రెండు రోజుల్లోనే విడుదలవుతుంది. బర్రెకు పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది అనే లెక్క ఇక్కడ చెల్లదు. సూడి సుమారు పదకొండు నెలలు. ఈనినాక మాయ మూడు గంటల్లో పడాలి. మూడు గంటలు దాటిందంటే అది ప్రమాదమే. బర్రెకు చూసినట్టు తెల్లారేదాకా చూద్దామంటే గర్భసంచి విషమెక్కి, గిట్టలు వాచి, గోడిగ ప్రాణమే పోవచ్చు. వెంటనే డాక్టరును పిలవండి. ఈనిన తొమ్మిదో రోజు ప్రాంతంలో మొదటి ఎద వస్తుంది. గర్భసంచిలో నీరు వుంటే ఆ ఎదను వదిలి తరువాతి ఎదకు దాటించడం మేలు.

2023 మే నెలలో రాజస్థాన్‌లోని బికనీర్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంవారు ఒక మార్వాడీ గోడిగ పిండాన్ని తీసి మరొక గోడిగ గర్భసంచిలో పెట్టి పిల్లను పుట్టించినారు. దానికి రాజ్ ప్రథమ అని పేరు పెట్టినారు. తండ్రి ఒకటి, కన్నతల్లి ఒకటి, మోసిన తల్లి మరొకటి. ఇంత విద్యలోనూ చివరికి ఆ మోసిన తల్లి గర్భసంచి ఆరోగ్యంగా వుండబట్టే పిల్ల దక్కింది.

ఇక మీ కొట్టంలోకి వద్దాము. బర్రె ఎదకు వచ్చినప్పుడు తీగలు చూడండి. కోడిగుడ్డు తెల్లసొన మాదిరి తేటగా వుంటే సూది వేయించండి. మసకగానో, చీము పొరతోనో వుంటే ఆ ఎద వదలి ముందు వైద్యం చేయించండి. మూడుసార్లు పొర్లినదానికి నాలుగోసారి ఇంకా మంచి జాతి వీర్యం వెతకవద్దు. దానిని దవాఖానలో చూపించండి. మన కోరుట్లలోనే పశువైద్య కళాశాల వున్నది. మాయ పడకుంటే దానికి రాయి కట్టి వేలాడదీయవద్దు. మురికి చేతితో లోపల వెతకవద్దు. ఈనినాక రెండు నెలల దాకా గర్భసంచికి విశ్రాంతి ఇవ్వండి.

కార్యకర్తలారా, మీకు ఒక్క మాట. మానం కడిగి, తడి లేకుండా తుడిచిన తరువాతనే గొట్టం పెట్టండి. పశువు పశువుకూ కొత్త తొడుగు వాడండి. వీర్యపు గొట్టాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం వుంచి కరిగించండి, చేతిలో రుద్ది కాదు. తేట తీగ లేని పశువుకు "ఈసారి వద్దు" అని చెప్పడానికి మొగమాటపడవద్దు. ఆ ఒక్క మాటతో రైతుకు ఏడాది పాడి నిలబడుతుంది.

పశువు సూడి నిలువకపోతే దానిని గొడ్డుదని అంగడికి తోలేముందు ఒక్కసారి ఆ గోడిగలను తలచుకోండి. వాటిలో ఎన్నింటికో కావలసింది నాలుగు కుట్లు మాత్రమే.