బాడిస, ఉలి, ఆకురాయి: చెక్క పని పనిముట్ల కథ

ఈ ఏడు సమావేశాల్లో కొన్ని సంఘాల అక్కచెల్లెళ్లు చెక్క చెక్కే పని నేర్చుకుంటామని అడిగారు. గరిటెలు, పప్పుగుత్తులు, చిన్న బొమ్మలు చేసి అమ్ముకోవాలని వాళ్ల ఆలోచన. అప్పు కాగితంలో మొదటి పద్దు పనిముట్లే. పన్నెండు ఉలుల పెట్టె కొనాలా, కరెంటు మిషను కొనాలా అని అడుగుతున్నారు. తీసుకున్న అప్పు కిస్తీలు ప్రతి నెలా కట్టాల్సింది మనమే కాబట్టి, ఈ పని మన చుట్టుపక్కల ఎట్లా నడిచిందో ముందు తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాం.

మన ఊళ్లల్లో చెక్క పని అంటే వడ్రంగి పనే. నాగలి, గొర్రు, బండి చక్రం, గుమ్మం, రోకలి, కవ్వం అన్నీ ఆయన చేతి మీద రావాల్సిందే. వెనకటి రోజుల్లో చేసిన పనికి డబ్బులు ఇచ్చేవాళ్లు కాదు, కళ్లంలో గింజలు మేరగా కొలిచేవాళ్లు. ఆయన సంచిలో ఏముండేవి? ఒక రంపం, ఒక బాడిస, రెండు మూడు ఉలులు, చిత్రిక, బరమా, సుత్తి. ఇంటి గుమ్మం అయినా, గుడి తలుపు అయినా ఇంచుమించు ఆ సామానుతోనే చేశారు.

ఆ పనిముట్లు అంగట్లో కొన్నవి కావు. ఊరి కమ్మరి కొలిమిలో చేసినవి. చాలా కమ్మరి ఇళ్లల్లో కొలిమి తిత్తి ఊదింది, సమ్మెట కొట్టింది ఆడవాళ్లే. అంటే ఉలి తయారు కావడంలో మన చెయ్యి ఉంది, కాని ఆ ఉలి పట్టి చెక్కే పని మాత్రం మనకు రాలేదు. ఈ సంగతి ఎవరూ పెద్దగా రాయరు, అందుకే మేము రాస్తున్నాం.

ఉలికి ప్రాణం ఉక్కు. నిజామాబాదు వైపు కోనసముద్రం అనే ఊళ్లో ఒకప్పుడు మూసల్లో కరిగించి ఉక్కు చేసేవాళ్లు, దాని కోసం పర్షియా దేశం నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. కత్తుల కోసం అంత దూరం నుంచి వచ్చారంటే పదును నిలిచే ఉక్కుకు ఎంత విలువో చూడండి. ఇప్పుడు మన కమ్మరులు పాత లారీ పట్టీలను కొట్టి బాడిసలు, కత్తులు చేస్తున్నారు. అది మంచి ఉక్కే. తళతళలాడే పెట్టెలో చౌకగా వచ్చే ఉలులు చాలాసార్లు రెండు రోజులకే మొద్దుబారతాయి. పన్నెండు మొద్దు ఉలుల కంటే పదును నిలిచే రెండు ఉలులు నయం.

ఆడవాళ్లు చెక్క పనిలోకి వచ్చిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. కనిగిరి, పామూరు దాటితే నెల్లూరు జిల్లా ఉదయగిరి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోవే. మార్కాపురం, గిద్దలూరు మాత్రం కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచారు, తర్వాత గోల్కొండ వాళ్లు, నవాబులు ఏలారు. అక్కడి చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు నవాబుల కాలం నాటి పని అని చెప్పుకుంటారు. సన్నటి పిడి మీద తీగలు, జాలీ పని చెక్కుతారు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, ఇంటి పని చూసుకుంటూనే చేస్తారు. ఆ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ నెల్లూరు జిల్లాలోనే 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మన పొదుపు సంఘాలకు ఊపు వచ్చింది కూడా అప్పుడే.

ఉదయగిరి వాళ్ల పనికి పెద్ద సామాను అక్కర్లేదు. ముక్క కొయ్యడానికి రంపం, ఆకారం తియ్యడానికి బాడిస, పూల పనికి సన్న ఉలి, నునుపుకు ఆకురాయి, గరుకు కాగితం. దుర్గం కొండ చుట్టుపక్కల దొరికే నర్ది, బిక్కి, కల్ది, పాలబర్కి కర్రలు వాడతారు. కర్రను బట్టే పనిముట్టు. కొండపల్లి వాళ్లది తెల్లపొణికి, చాలా తేలిక, మెత్తన. చేతులు, తల విడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఏటికొప్పాక వాళ్లది అంకుడు కర్ర. అది చెక్కే పని కాదు, తిప్పే పని. వెనకటికి ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి ఆనించేవాళ్లు, తర్వాతే కరెంటు మిషన్లు వచ్చాయి. గుండ్రటి బొమ్మలు చేసేవాళ్లకు తప్ప ఆ మిషనుతో మనకు పని లేదు. మన దగ్గర సులువుగా దొరికేది వేప. కొంచెం గట్టిది, అందుకని పచ్చిగా ఉన్నప్పుడే ఆకారం తీసి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాత నునుపు చెయ్యాలి.

స్వీడన్ దేశంలో 1870లలో నాస్ అనే చోట టీచర్లకు చెక్క పని నేర్పే బడి పెట్టారు. ఆడ టీచర్లు కూడా వెళ్లి నేర్చుకున్నారు. వాళ్లకు మొదట ఇచ్చింది చిన్న కత్తి. ఎక్కడ నార తిరిగిందో, ఎక్కడ చీలుతుందో చేతికి తెలిసేది కత్తితోనే. పుట్టినప్పటి నుంచి కత్తిపీట మీద కూర్చున్న మనకు ఇది కొత్త సంగతేం కాదు.

కాబట్టి మొదటి ఆరు నెలలకు మా లెక్క ఇది. మనిషికి ఒక చిన్న కత్తి, అరంగుళం ఉలి ఒకటి, గరిటె గుంట తియ్యడానికి మొన గుండ్రంగా వంగిన ఉలి ఒకటి. బాడిస, రంపం, ఆకురాళ్లు సంఘానికి ఉమ్మడిగా ఉంటే చాలు. బాడిస మగవాళ్ల చేతికి చేసింది కొనొద్దు, కమ్మరితో చెప్పి బరువు తగ్గించి, పిడి మన పిడికిలికి సరిపోయేటట్టు పెట్టించుకోవాలి. బరువు ఎక్కువైతే మణికట్టు లాగుతుంది, గురి తప్పుతుంది. అన్నిటికంటే ముందు కొనాల్సింది సానరాయి. గరుకు ఒక పక్క, నునుపు ఒక పక్క ఉన్నది తీసుకోండి. మొద్దు ఉలిని బలంగా తొయ్యబోతేనే జారి చెయ్యి తెగేది. చెక్కేటప్పుడు ముక్కను ఒళ్లో పెట్టుకోకుండా బల్లకు క్లాంపుతో బిగించండి, ఉలికి ఎదురుగా చెయ్యి ఉంచొద్దు.

మార్కాపురం పలకల సంగతి మనకు తెలిసిందే. రాయి కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి దేశమంతా పంపారు. నోటు పుస్తకాలు వచ్చాక గిరాకీ పడిపోయింది, దుమ్ము పీల్చిన వాళ్ల దగ్గు మాత్రం మిగిలింది. చెక్క పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. గరుకు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట కూర్చోండి.

ఇంక కర్ర సంగతి. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. గిద్దలూరు అడవుల్లో ఎర్రచందనం ఉంది. ఎండు కొమ్మే కదా అని తెచ్చినా కేసు అవుతుంది. చేలో కొట్టిన వేప కొమ్మ, సామిల్లు ముక్కలు మనకు చాలు. సామిల్లులో కొన్న ప్రతిసారీ రసీదు తీసుకుని సంఘం పుస్తకంలో అంటించి పెట్టుకోండి, అటవీ శాఖ వాళ్లు అడిగితే చూపించాల్సి ఉంటుంది.