ప్రథమ డీసెల్-విద్యుత్ షంటింగు ఇంజను

రైలు చరిత్ర చెప్పువారు సాధారణముగా వేగమును, దూరమును కొలుతురు. కాని అమెరికాలో ఆవిరి ఇంజనుకు కాలము చెల్లించిన మార్పు మెయిలు బండ్లతో ఆరంభము కాలేదు. సరకు పెట్టెలను ఒక పట్టానుండి మరొక పట్టాకు త్రోయుచు యార్డు దాటని షంటింగు ఇంజనుతో ఆరంభమైనది.

దానికి పుట్టినిల్లు న్యూయార్కు నగరము. 1902 జనవరి 8వ తేదీన అచ్చటి పార్కు ఎవెన్యూ సొరంగమున పొగయు ఆవిరియు క్రమ్ముకొనగా ఒక బండి మరొక బండిని వెనుకనుండి ఢీకొని 15 మంది మరణించిరి. పిమ్మట ఆ మార్గమునకు విద్యుచ్ఛక్తి వచ్చెను. పడమటి భాగమున మాత్రము సరకు బండ్లు నడివీథినే పోవుచుండెను. వాటి ముందు గుఱ్ఱపురౌతు ఒకడు జనులను హెచ్చరించుచు సాగెడివాడు. పదవ ఎవెన్యూకు ‘మృత్యువీథి’ యను పేరు ఊరక రాలేదు. 1923లో చేయబడిన కౌఫ్‌మన్ చట్టము 1926 జనవరి 1 నుండి నగరమున ఆవిరి ఇంజనులను నిషేధించినది. గడువు తరువాత పొడిగింపబడెను గాని, కంపెనీలను కదలించుటకు ఆ బెదురే చాలినది. రేవు ప్రక్కనున్న చిన్న యార్డులన్నింటికి విద్యుత్ తీగలు కట్టుట వ్యయసాధ్యము.

డీసెల్ యంత్రము నిలిచియున్న బండిని నేరుగా కదలింపజాలదు. అందుచే అది జనరేటరును త్రిప్పును. జనరేటరు పుట్టించిన విద్యుత్తు ఇరుసులపైనున్న మోటారులను నడుపును. చిక్కంతయు ఈ రెంటిని పొసగించుటలోనే యున్నది. బరువు హెచ్చినపుడు డ్రైవరు ఏమాత్రము పొరబడినను యంత్రము ఆగిపోవును. అంబలి కాచు ఇల్లాలు మంటను, గరిటెను ఒక్కసారిగా కనిపెట్టుకొనవలసినట్లే. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హెర్మన్ లెంప్, పుట్టుకచే స్విట్జర్లాండు దేశీయుడు, రెంటిని ఒక్క పిడితో అదుపు చేయు పద్ధతిని రూపొందించెను. శక్తికంటె ఈ పొందికయే అసలు విజయమని చెప్పవలెను.

ఇంగర్సాల్-రాండ్ కంపెనీవారి 300 అశ్వశక్తుల డీసెల్ యంత్రముతో తయారైన నమూనా ఇంజనునకు 8835 అని సంఖ్య. చూపులకు అది ఒక ఇనుప పెట్టె. 1924లో న్యూయార్కు సెంట్రల్ మొదలగు రైల్వేలలో దానిని పరీక్షించిరి. ఆవిరి ఇంజను పని లేకున్నను బొగ్గు తినును, రాత్రియు నిప్పును కాచుకొనవలెను. దీనిని పని ముగియగనే ఆపవచ్చును. పిమ్మట ఆల్కో కంపెనీయు చేరగా, 1925 అక్టోబరులో 60 టన్నుల ఇంజను ఒకటి న్యూజెర్సీ సెంట్రల్ రైల్వేకు 1000వ సంఖ్యతో అందినది. బ్రాంక్స్ రేవు యార్డులో 1957 వరకు పనిచేసిన ఆ ఇంజను బాల్టిమోరు రైల్వే మ్యూజియమునకు చేరినది.

బొగ్గు వేయు ఫైర్‌మనుకు మాత్రము దీనిలో పని లేదు. డీసెలుపై అతని స్థానమును నిలుపుటకు కార్మిక సంఘములు 1937లో ఒప్పందము సాధింపవలసివచ్చెను. ఆ ఆల్కో నమూనాపైననే 1962 మొదలు భారతదేశమునకు వచ్చి, పిదప కాశీలో తయారైన ఇంజనులు కాజీపేట, గుత్తి షెడ్లను నింపినవి.