గేమింగ్ ల్యాప్‌టాప్‌కి ఏ డ్రైవ్? 1956 నుంచి మొదలుపెడదాం

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, గేమింగ్ ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నా. ఒకదాంట్లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు 1 టీబీ హార్డ్ డిస్క్. ఇంకోదాంట్లో 512 జీబీ ఎన్‌వీఎంఈ ఒక్కటే. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. ఏడాది పాటు జీతంలోంచి దాచుకున్న డబ్బు అది. నేను తప్పు చెబితే మూడు నాలుగేళ్లు అవస్థపడేది వాడే. అందుకే తొందరపడలేదు. ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో చూస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

1956కి వెళ్దాం. అమెరికాలో ఐబీఎం కంపెనీ రామాక్ అనే యంత్రాన్ని బయటపెట్టింది. మొదటి హార్డ్ డిస్క్ దాంట్లోదే. 24 అంగుళాల పళ్లేలు 50, ఒకదానిమీద ఒకటి పేర్చి తిప్పేవాళ్లు. ఇంతా చేస్తే పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన ఫోన్‌లో ఒక ఫొటో అంత! కావాల్సిన చోటికి ముల్లు చేరడానికి సగటున అర సెకను పైనే పట్టేది.

తర్వాత డిస్కు చిన్నదైంది, చవకైంది, టెరాబైట్లకి చేరింది. పద్ధతి మాత్రం మారలేదు. పళ్లెం తిరగాలి, ముల్లు కదలాలి. ల్యాప్‌టాప్ డిస్కు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో ముక్క చదవడానికి సగం చుట్టు ఆగినా ఐదున్నర మిల్లీసెకన్లు. ముల్లు కదిలే టైము అదనం. గేమ్ ఇలాంటి ముక్కల్ని వేలల్లో అడుగుతుంది. లోడింగ్ స్క్రీన్ ముందు మనం కూర్చునేది ఇందుకే.

గేమ్ తయారుచేసేవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. ప్లేస్టేషన్ 5 రూపకర్త మార్క్ సెర్నీ 2020లో ఒక ప్రసంగంలో చెప్పారు: స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో వీధి పోస్టు డబ్బా లాంటి వస్తువుల డేటాని హార్డ్ డిస్క్‌లో 400 సార్లు కాపీ చేసి పెట్టారట. ముల్లు దూరం వెళ్లకుండా, ఎక్కడికక్కడ దొరకాలని! డిస్కు నెమ్మది కాబట్టి చోటు వృథా చేశారన్నమాట.

ఇంకోపక్క జపాన్‌లో, తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1980లలో ఫ్లాష్ మెమరీ కనిపెట్టారు. తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. 1991లో వచ్చిన 20 ఎంబీ ఎస్‌ఎస్‌డీ ధర దాదాపు వెయ్యి డాలర్లు. అందుకే మామూలు ల్యాప్‌టాప్‌ల దాకా రావడానికి ఏళ్లు పట్టింది.

వచ్చాక ఇంకో అడ్డు. దాన్ని తగిలించిన సాటా దారి తిరిగే డిస్కుల కోసం వేసింది. సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అందుకని 2011లో ఫ్లాష్ కోసమే ఎన్‌వీఎంఈ పద్ధతి తెచ్చారు. ఇవాళ సెకనుకి 3,500, 7,000 ఎంబీ చదివేవి దొరుకుతున్నాయి.

ఇక్కడే జాగ్రత్త! 7,000 అంటే సాటాకి పన్నెండు రెట్లు పైనే. కానీ గేమ్ పన్నెండు రెట్లు త్వరగా తెరుచుకోదు. చదివిన డేటాని ప్రాసెసర్ విప్పాలి కదా. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే తేడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే చాలా గేముల్లో మిగిలేది కొద్ది సెకన్లే. అసలు గీత తిరిగే డిస్కుకీ తిరగనిదానికీ మధ్యనే ఉంది. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ అయితే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని కనీస అవసరాల్లోనే రాసింది.

అందుకే మావాడికి రెండోదే తీసుకోమన్నాను. 256లో విండోస్ పోగా పెద్ద గేములు ఒకటో రెండో పడతాయి. మిగతావి హార్డ్ డిస్క్‌లోకే పోతాయి, మళ్లీ ఆ ముల్లు దగ్గరికే. కాకపోతే ఒక షరతు పెట్టాను: "రెండో ఎం.2 స్లాటు ఖాళీగా ఉందా, అది ఎన్‌వీఎంఈ తీసుకుంటుందా, అడుగు. ఆకారం ఒకటే అయినా కొన్ని స్లాట్లు సాటాకే పనిచేస్తాయి. ఖాళీ ఉంటే వచ్చే ఏడాది 1 టీబీ వేసుకోవచ్చు. మరీ వేగమైనదానికి డబ్బు పొయ్యకు, చోటుకి పెట్టు."

మీ దగ్గర హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంటే, పారెయ్యకండి. దాని స్థానంలో రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి చూడండి. 1956 నుంచి తిరుగుతున్న ఆ పళ్లేనికి ఇక విశ్రాంతి ఇవ్వొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.