ఒక పౌను గింజలు: డిగ్రీ స్థాయిలో చరిత్ర, మానవ జీవశాస్త్రాల ఉమ్మడి బోధన

సారాంశం

ఇంటర్మీడియట్‌లో హెచ్.ఇ.సి., బై.పి.సి. అని విడిపోయిన విద్యార్థులు డిగ్రీలోనూ కలవరు. అందువల్ల చరిత్ర విద్యార్థికి కరువు పత్రాల్లోని అంకె మనిషి ఒంటిమీద ఎంత భారమో తెలియదు. జీవశాస్త్ర విద్యార్థికి శరీరపు కొలతను ఎవరు, ఏ ఉద్దేశంతో తీశారో తెలియదు. ధాత కరువు నాటి కూలి తిండి వివాదాన్ని, వలస పాలనలో తీసిన ముక్కు కొలతలను, హైదరాబాదు సమీప పల్లెల్లో జరిగిన పోషకాహార పరిశోధనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండు శాస్త్రాలనూ డిగ్రీలో ఒకే పేపరుగా బోధించాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధాత కరువు, టెంపుల్ కూలి, నాసికా సూచిక, పోషకాహారం, డిగ్రీ పాఠ్యప్రణాళిక

1. ఉపోద్ఘాతం

మన తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు పదిహేను, పదహారేళ్లకే గ్రూపు ఎంచుకోవాలి. హెచ్.ఇ.సి.లో చేరిన అమ్మాయికి జీర్ణక్రియ, రక్తం, గర్భధారణ గురించి బడిలో విన్న ఆఖరి మాట పదో తరగతిదే. బై.పి.సి.లో చేరిన అబ్బాయికి చరిత్ర కూడా అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఒకరు బి.ఏ., ఇంకొకరు బి.ఎస్సీ. ఒకే కాలేజీలో చదువుతారు గాని ఒకరి పాఠం మరొకరి చెవిన పడదు.

ఈ గోడ అన్నిచోట్లా లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో హ్యూమన్ సైన్సెస్, స్టాన్‌ఫర్డ్‌లో హ్యూమన్ బయాలజీ అనే డిగ్రీ కోర్సులు 1970 ప్రాంతంలోనే మొదలయ్యాయి. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా బహుళ శాస్త్రాల చదువును కోరింది. అయితే టైంటేబుల్‌లో చరిత్ర పక్కన ఒక జీవశాస్త్ర పేపరు చేర్చినంత మాత్రాన ఆ కోరిక తీరదు. రెండు శాస్త్రాలూ కలిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్న విద్యార్థి ముందు ఉండాలి. అలాంటి ప్రశ్నలు మన నేలమీదే ఉన్నాయి.

2. ధాత కరువు: పౌను గింజల వివాదం

1876లో మొదలైన కరువును తెలుగువారు ఆ ఏటి పేరుతో ధాత కరువు అన్నారు. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు జిల్లాలు దాని కోరలో పడ్డాయి. దక్షిణాదిన ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే దాదాపు 55 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ కరువు ప్రతినిధిగా రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని టెంపుల్ నిర్ణయించాడు. ఆడవాళ్లకు, పనిచేసే పిల్లలకు ఇంకాస్త తక్కువ. చరిత్ర పుస్తకాల్లో టెంపుల్ కూలి అని పేరుపడ్డది ఇదే.

మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. మనిషికి కనీసం పౌనున్నర గింజలతోపాటు కూరగాయలు, పప్పు ఉండాలని వాదించాడు. పాత్రికేయుడు విలియం డిగ్బీ 1878లో వెలువరించిన రెండు సంపుటాల గ్రంథంలో ఆ వివాదం వివరంగా ఉంది. మన బి.ఏ. విద్యార్థి దాన్ని ఇద్దరు దొరల అభిప్రాయ భేదంగా చదివి ముందుకు పోతాడు. ఎవరి మాట నిజమో తేల్చే సాధనం అతని చేతిలో లేదు.

ఆ సాధనం అందుబాటులోనే ఉంది. పౌను అంటే దాదాపు 454 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో 335 నుంచి 350 కిలో కేలరీల శక్తి ఉంటుంది. కనుక పౌను జొన్నలు ఇచ్చేది సుమారు 1,500 నుంచి 1,600. బరువు పని చేసే 65 కిలోల మగవాడికి రోజుకు 3,470 కిలో కేలరీలు కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది. ఆనాటి కూలీ అంత బరువు ఉండకపోవచ్చు. 45 కిలోలే అనుకుని దామాషాగా తగ్గించినా 2,400 దాకా కావాలి. చేతికొచ్చిన అణాకు ఉప్పూ మిరపకాయలూ పోను ఇంకేం దొరికేదో చెప్పాలంటే ఆ తాలూకా ధరల పట్టిక వెతకాలి. అక్కడ విద్యార్థి మళ్లీ చరిత్ర దగ్గరికి రావలసిందే.

అంత తక్కువ తిండితో శరీరం ఏమవుతుందో 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగం చూపింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఇరవై నాలుగు వారాలపాటు రోజుకు 1,570 కిలో కేలరీల చొప్పున తిండి పెట్టారు. వారు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. టెంపుల్ ఇచ్చిన పౌను గింజల శక్తి ఇంచుమించు అంతే. తేడా ఏమిటంటే, ఆ యువకులు కడుపునిండా తిన్న ఒంటితో ప్రయోగంలోకి వచ్చారు, వైద్యుల కంటిముందు ఉన్నారు. కర్నూలు కూలీ అప్పటికే డొక్కలు ఎండి, కలరా తిరుగుతున్న శిబిరంలో, ఎండలో తట్ట మోశాడు. వానలు పడ్డాక కూడా చావులు ఆగలేదు. కరువుతో డీలాపడిన శరీరాలను మలేరియా కబళించింది.

జీవశాస్త్రం ఇక్కడిదాకా తీసుకొస్తుంది. ఆ అంకెను ఎందుకు ఎంచుకున్నారో మాత్రం అది చెప్పలేదు. 1873–74 బీహారు కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. ఖర్చు మితిమీరిందని అప్పుడు అతన్ని తీవ్రంగా విమర్శించారు. ప్రాణాలు కాపాడే దారి తెలిసిన అధికారి మూడేళ్లకే పౌను గింజల దగ్గర నిలబడటానికి కారణం ఖజానా పత్రాల్లో ఉంది. నిరసనల ఫలితంగా 1877లోనే కూలిని పౌనుంబావు గింజలకు, ఔన్సున్నర పప్పుకు పెంచారు. విద్యార్థి పెంచిన కూలిని కూడా లెక్కకట్టాలి. అప్పటికీ కార్నిష్ అడిగిన మేరకు అందలేదని అతనికే అర్థమవుతుంది.

3. ముక్కు కొలతలు: ఆధారాల పరీక్ష లేని శాస్త్రం

మొదటి ఉదాహరణలో చరిత్రకు జీవశాస్త్రం తోడైంది. రెండోదానిలో జీవశాస్త్రానికే చరిత్ర కావాలి. వలస పాలనాధికారి హెర్బర్ట్ రిస్లీ 1891లో బెంగాల్ కులాల మీద వెలువరించిన గ్రంథంలో నాసికా సూచికకు పెద్దపీట వేశాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వందతో హెచ్చిస్తే వచ్చే అంకె అది. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువదని అతను సిద్ధాంతం చేశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కూడా కొలత పరికరాలు పట్టుకుని తిరిగాడు. రంగాచారి తోడ్పాటుతో 1909లో అతను తెచ్చిన ఏడు సంపుటాల్లో తెలుగు కులాల వివరాలు విస్తారంగా ఉన్నాయి. నేటికీ కులచరిత్రలు రాసేవారు వాటిని ఉదహరిస్తారు.

ఇక్కడ కొలత తప్పని చెప్పి వదిలేస్తే పాఠం సగమే అవుతుంది. ఎవరిని కొలిచారు, ఎంతమందిని కొలిచారు, కొలిపించుకోనని అనగలిగే వీలు వారికి ఉందా, కులాల హెచ్చుతగ్గుల వరుస కొలతకు ముందే అధికారి మనసులో ఉందా అని విద్యార్థి అడగాలి. చరిత్రకారులు శాసనాన్ని పరీక్షించే పద్ధతే ఇది. సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే 1932లో రిస్లీ లెక్కలను తిరిగి పరిశీలించి, ఉత్తర భారతానికి బయట ఆ సూత్రం నిలవదని చూపాడు. డాక్టర్ అంబేద్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన గ్రంథంలో ఆ కొలతలనే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులన్న వాదాన్ని ఖండించాడు. అణచివేతకు సాక్ష్యంగా తెచ్చిన అంకెలతోనే ఆ సాక్ష్యాన్ని కొట్టేసిన ఈ ఘట్టం ప్రతి డిగ్రీ తరగతిలోనూ వినిపించాలి.

అమెరికాలో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ 1912లో దాదాపు 18,000 మంది వలసదారుల, వారి పిల్లల కొలతల ఫలితాలు ప్రచురించాడు. మారదనుకున్న తల ఆకారం కూడా కొత్త దేశంలో పుట్టిన పిల్లల్లో కొంత మారిందని అతని వాదన. ఆ మార్పు ఎంతన్నదానిపై 2002, 2003లలో పరిశోధకులు అతని అంకెలనే తిరగేసి వాదులాడుకున్నారు. ఈ చర్చ మొత్తం విద్యార్థికి చూపాలి. శాస్త్రంలో తీర్పులు ఎలా వస్తాయో, ఎలా సవరణ పొందుతాయో అప్పుడే తెలుస్తుంది.

4. పల్లె పిల్లల ఎత్తు: 14 మిల్లీమీటర్లు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఊళ్లకు దశలవారీగా చేరింది. హైదరాబాదు సమీపంలోని 29 పల్లెల్లో 1987–90 మధ్య పరిశోధకులు ఈ దశలవారీ విస్తరణను ఆసరా చేసుకున్నారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. మిగతా ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవారయ్యాక మళ్లీ పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వారి రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు.

తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళాల్లో కనిపించినట్టుంది. అయితే ఆ ఊళ్లకు ఆహారంతోపాటు టీకాలు, ఇతర ఆరోగ్య సేవలూ అందాయి. కనుక ఫలితమంతా తిండిదేనని చెప్పడానికి లేదు. ఏ ఊరికి పథకం ముందు వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది పాలనా చరిత్ర. అది తెలియకుండా ఈ అంకెను సరిగా చదవలేం. ముక్కు కొలతల పాఠం విన్న విద్యార్థి ఇక్కడ తనంతట తానే ఆ ప్రశ్న వేస్తాడు.

5. పాఠ్యప్రణాళికకు ప్రతిపాదన

ఒక సెమిస్టరు, మూడు యూనిట్లు సరిపోతాయి: కరువూ శరీరమూ, కొలతా అధికారమూ, తిండీ తరాలూ. ఒక చరిత్ర అధ్యాపకుడు, ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు ఒకే గదిలో ఉండి చెప్పాలి. ఒకరు సోమవారం, ఒకరు మంగళవారం చెబితే పాత గోడ కొత్త చోట లేస్తుంది. బి.ఏ., బి.ఎస్సీ. విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టాలి.

పరీక్షలో కరువుకు కారణాలు రాయమని అడగకూడదు. ఒక కరువు శిబిరం కూలి పట్టిక ఇచ్చి, అందులో "స్త్రీ" అన్న గడి ఎదుట ఉన్న అంకె గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఎంత తక్కువ పడుతుందో లెక్కకట్టమనాలి. గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలో కేలరీలు, మొదటి ఆరునెలలు పాలిచ్చే తల్లికి 600 కావాలని నేటి సిఫారసు. పట్టిక రాసిన గుమాస్తాకు ఆ ఇద్దరి కోసం వేరే గడి ఎందుకు అవసరం కాలేదో ఒక పేజీలో వివరించమనాలి. మొదటి సగానికి జీవశాస్త్రం, రెండో సగానికి చరిత్ర. ఒకటి వదిలేసి మరొకటి రాయడం కుదరదు. పాఠ్యపుస్తకం తెలుగులో రావాలి. ధాత కరువు పడ్డ జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో ఎందరో తెలుగు మాధ్యమంలో చదివినవారే.

6. ముగింపు

శరీరం కూడా ఒక పత్రమే. ఆకలి, పాలన, కులం, తల్లి తిన్న ముద్ద అందులో తమ గుర్తులు వదులుతాయి. ఆ లిపి తెలియాలంటే జీవశాస్త్రం కావాలి, దొంగ పత్రాన్ని పట్టుకోవాలంటే చరిత్ర కావాలి. ఈ కోర్సు మొదటి రోజున అధ్యాపకులు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఒక పౌను జొన్నలు తూచి బల్లమీద పోసి, రోజంతా మట్టి మోసే మనిషికి ఇవి సరిపోతాయా అని అడిగితే చాలు. ఆ చిన్న కుప్పను చూస్తూ జవాబు వెతికే ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు ధరల పట్టిక కోసం, ఒకరు పోషక విలువల పట్టిక కోసం లేస్తారు. జవాబు కోసం ఇద్దరూ తిరిగి ఆ బల్ల దగ్గరికే రావాలి.