చెవి మిషను: మాట వచ్చిన దారి

మా పాత వరంగల్లు జిల్లా పల్లెల్లో దీనిని ‘చెవి మిషను’ అంటారు. వైద్యులు కాక్లియర్ ఇంప్లాంటు అంటారు. కాక్లియా అన్న లాటిను మాటకు నత్తగుల్ల అని అర్థం. మన పాఠ్యపుస్తకాలు కర్ణావర్తం అన్నాయి. నన్నడిగితే నత్తగుల్లకు శంబూకమనే చక్కని మాట నిఘంటువుల్లో ఉండనే ఉన్నది (రామాయణంలోని శంబూకునికీ దీనికీ సంబంధం లేదు). పేరు సంగతి అటుంచితే, ఈ వస్తువు జనగామకు, మానుకోటకు, భూపాలపల్లికి ఏ దారిన వచ్చిందో, వచ్చిన తరువాత తల్లిదండ్రులకు ఎంత పని మిగిలిందో ఈ టపాలో వ్రాయదలచాను. తెలుగు పండితునికి శస్త్రచికిత్సతో ఏమి పని అని మిత్రులు అనుకోవచ్చును. శస్త్రచికిత్స కొద్ది గంటల్లో ముగుస్తుంది. ఆ తరువాతిదంతా భాషాబోధనే.

కథ చాలా దూరాన మొదలైంది. విద్యుత్ ఘటాన్ని కనిపెట్టిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా తన రెండు చెవుల్లోనూ లోహపు కడ్డీలు పెట్టుకొని కరెంటు పంపుకున్నాడు. చిక్కటి ద్రవమేదో ఉడుకుతున్న చప్పుడు వినిపించిందని 1800లో వ్రాశాడు. మళ్లీ అంతటి సాహసం చేయబోయినట్లు లేదు. 1957లో పారిస్‌లో జూర్నో, ఏరియెస్ అనే ఇద్దరు, పూర్తిగా వినికిడి పోయిన ఒక రోగి శ్రవణనాడికి నేరుగా విద్యుత్తు అందించారు. అతనికి కీచురాళ్ల రొద వంటిది వినిపించింది. 1961లో లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ ఒంటి తీగతో ప్రయత్నించాడు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ తండ్రికి చెవుడు. మందుల దుకాణం నడుపుతూ గిరాకీల మాట వినబడక ఆయన పడే అవస్థను క్లార్క్ చిన్ననాడే చూశాడు. లోపలి చెవి మెలికల్లోకి తీగలను ఎట్లా పంపాలో తోచక సతమతమవుతూ, 1977లో సముద్రపుటొడ్డున ఒక గుల్లలోకి గడ్డిపరకను దూర్చి చూశాడట. మొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక లోపలిదాకా పోయింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో ఆయన బృందం బహుతంతుల ఇంప్లాంటును మొదటిసారి ఒక మనిషికి అమర్చింది. 1990లో అమెరికా ప్రభుత్వం రెండేళ్లు నిండిన పిల్లలకు దీనిని అనుమతించింది.

అంతకు ముందు మన పల్లెల్లో జరిగినదేమిటి? ‘చెవిటి’, ‘మూగ’ అన్న రెండు మాటలను జంటగా పలికి ఊరుకోవడమే. మూగతనం వేరే జబ్బు కాదు, వినకపోవడం వలన కలిగిన ఫలితం మాత్రమే అన్న సంగతి చదువుకున్నవారికి సైతం తట్టేది కాదు. నేను ఉద్యోగంలో చేరిన నాళ్లలో ఇటువంటి పిల్లలు బడికి రావడమే అరుదు. వచ్చినవారు పక్కవాని పలక చూసి అక్షరాలు ముత్యాల్లా దించేవారు. వ్రాసినదేమిటో వారికి తెలియదు.

ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు హద్దు. చెవి మిషనుకు మాత్రం, మాటల శిక్షణతో కలిపి, 6.5 లక్షల దాకా ఇచ్చేవారు. కూలి చేసుకొనే ఇంటికి ఆ మొత్తం ఊహకందనిది. తెల్లకార్డు చేతబట్టుకొని పల్లెటూరి తల్లి రాజధానిలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లి నిలబడగలగడం, ఏ రాజకీయం వారైనా, కాదనలేని చరిత్ర. కేంద్రం కూడా 2014లో వికలాంగుల ఉపకరణాల పథకంలో దీనిని చేర్చి, ఒక్కో ఇంప్లాంటుకు 6 లక్షల వరకు ఇచ్చింది. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో చౌకగా స్వదేశీ పరికరం చేయపూనింది.

చిక్కంతా వయసు దగ్గర వచ్చింది. ఉమ్మడి రాష్ట్రం చివరి యేళ్లలో పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు హద్దును రెండేళ్లకు కుదించారు. శాస్త్రం ప్రకారం అందులో న్యాయం ఉన్నది. తొలి యేళ్లలో శబ్దం అందకపోతే మెదడులో వినికిడికి చెందిన భాగం ఇతర పనులకు మళ్లిపోతుంది. కాని రెండేళ్లలోపు కనిపెట్టేదెవరు? చెవుడున్న పసికందు కూడా మొదటి నెలల్లో ‘ఊ’ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. వెనుక తలుపు దబ్బున పడితే అదురు తగిలి తిరిగి చూస్తుంది. అనుమానం చెప్పుకున్న తల్లితో అత్తగారు “మీ ఆయనకు గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినై బిడ్డా” అంటుంది. ‘బేరా’ పరీక్ష జరిగేసరికి మూడోయేడు నడుస్తూ ఉంటుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష జరపకుండా వయసు హద్దు ఒక్కదాన్నే పెట్టడం, పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టడం వంటిదే. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లలను వెదికి పరీక్షించే పనిని చేపట్టింది. హద్దు ముందు, వెదుకులాట తరువాత.

2016 అక్టోబరు 11 దాకా ఈ మూడు ఊళ్లూ వరంగల్లు జిల్లావే. జిల్లాలు వేరైనా దారి మారలేదు. జనగామ వారు రైలెక్కితే సికింద్రాబాదులో దిగి కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మానుకోట వారికి కాజీపేట మీదుగా సగం రోజు ప్రయాణం. భూపాలపల్లికి బొగ్గు గనులున్నవి, కరెంటు కార్ఖానా ఉన్నది, ప్రయాణికుల రైలు లేదు. హనుమకొండ దాకా బస్సే గతి. శస్త్రచికిత్సకు ఒకసారి పోవడం కష్టమేమీ కాదు. గాయం మానిన కొన్ని వారాలకు పరికరాన్ని ‘ఆన్’ చేస్తారు, తరువాత దఫదఫాలుగా శబ్దపు స్థాయి సవరిస్తారు, దానిని ‘మ్యాపింగు’ అంటారు. వారం వారం మాటల శిక్షణ ఉంటుంది. పోయిన ప్రతి దినమూ కూలి పోయినట్లే. నాకు తెలిసిన ఒక తండ్రి భార్యనూ బిడ్డనూ పట్నంలో అద్దె గదిలో ఉంచి, తాను ఊళ్లో పత్తిచేను చూసుకున్నాడు. ఆ ఏడాది వాళ్లింట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

ఆన్ చేసిన నాడు బిడ్డ అమ్మా అని పిలుస్తుందనుకొనేవారు ఎందరో. పిలవదు, ఏడుస్తుంది. అప్పటికి దానికి వినికిడి వయసు ఒక్క రోజు. ఇక్కడే నాకు మన శిక్షాశాస్త్రం గుర్తుకు వచ్చింది. డేనియల్ లింగ్ అనే ఆచార్యుడు ఆరు ధ్వనులను ఏరాడు: ఆ, ఊ, ఈ, మ్, శ్, స్. మాటలోని మంద్రం నుంచి తారం దాకా ఇవి పరచుకొని ఉంటాయి. రోజూ పొద్దున తల్లి నోరు కనబడనీయకుండా వీటిని పలికి, బిడ్డ వింటున్నదో లేదో చూడాలి. ‘స్’ వినబడకపోతే మిషనులో ఏదో తేడా వచ్చినట్లు. తరువాత మెడ, మేడ, గడి, గడ్డి. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు తప్పితే తెలుగులో అర్థమే మారిపోతుంది కదా! నేను విన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు నామవాచకాలు చక్కగా పలికి, విభక్తులను మింగేసేవారు: “నాన్న బండి పోయిండు.” మాట చివర మెల్లగా పలికే ‘తో’, ‘మీద’ చెవికి చిక్కడం కష్టం. నలభై యేళ్లు విభక్తులు చెప్పిన నాకు, వాటిని వినడమే ఒక విద్య అని అప్పుడు తెలిసింది.

మానుకోట తండాల్లో ఇంకొక ముడి ఉన్నది. ఇంట్లో లంబాడీ, శిక్షణలో తెలుగు. బిడ్డతో ఒకే భాష మాట్లాడమని సలహా వస్తే తల్లి తనకు సరిగా రాని తెలుగులోకి దిగుతుంది, లాలిపాటలు మానేస్తుంది. నా అభిప్రాయం అడిగితే, తల్లి ధారాళంగా మాట్లాడే భాషనే బిడ్డకు ముందు అందించాలి. తెలుగు బడిలో నేర్పుదుము గాక, దానికి మేమున్నాము.

వారంటీ తీరిన తరువాత తీగ తెగినా, కాయిలు పోయినా భారం ఎక్కువగా ఇంటివారిదే. బయటి యంత్రం మార్చవలసి వస్తే మళ్లీ లక్షల మాట. అది మూగబోయిన నాడు పిల్లవాడికి ప్రపంచమూ మూగబోతుంది. ఆలస్యమై ఇంప్లాంటు అందనివారికి, అమర్చినా మాట రానివారికి సైగల భాష ఉన్నది. 1880లో మిలాన్ సభ బడుల నుంచి దానిని వెలివేసింది. మన దేశంలో 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. మిషను పెట్టించాము కనుక సైగ చేయరాదని బిడ్డ చేతులు పట్టుకొనే ఇళ్లను చూశాను. నాకది నచ్చలేదు.

మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు తెలుగు చెబుతున్న ఉపాధ్యాయులెవరైనా ఈ టపా చదివితే, విభక్తులు వినిపించడానికి మీరు వాడే ఆటలూ పాటలూ ఏమిటో వ్యాఖ్యలో వ్రాయగలరు. భూపాలపల్లి దగ్గరి ఒక తల్లి నన్ను అడిగింది, ఆమెకు పంపాలి.